బండిలో మే నెల

సోమవారం, పొగమంచు

డీజిల్ బండి నడిపేవాళ్ళు రోజూ నాలుగు ముక్కలు రాసి పెట్టాలని మంచుమెట్ట సంఘం రూలు. మెట్ట మొత్తానికి డీజిల్ బండి ఒక్కటే, దాని పేరు బుల్లెమ్మ. నడిపేది నేనొక్కదాన్నే, నా పేరు నూకరత్నం. అంటే పెద్దలంతా కూర్చుని నా ఒక్కదాని కోసం రూలు పెట్టారన్నమాట. ఇన్నాళ్ళూ "వెళ్ళాను, వచ్చాను, క్షేమం" అని గిలికి వదిలేశాను. ఇవాళ మాత్రం రాయాలనిపిస్తోంది. మా వీధిలో ఒక్క ఇంట్లోనూ ఇడ్లీ పిండి పొంగలేదు, తప్పంతా నా బండిదేనట.

ఎండ తగ్గించడానికి ఆకాశానికి తెర వేసిన దగ్గర్నుంచి మెట్ట మీద చలికి పిండి పులవదు, పాలు తోడుకోవు. అందుకే సాయంత్రం నేను ఘాటీ రోడ్డు ఎక్కి వచ్చి బండి షెడ్డులో పెట్టగానే ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని దిగుతారు. వెనక సీటు మీద పిండి గిన్నెలు, ముందు సీటు కింద పెరుగు గిన్నెలు. పైన బొంతలు కప్పేస్తాం. దారంతా హీటరు వేసుకుని వచ్చిన బండి కదా, ఆ వేడి పొద్దుటిదాకా నిలుస్తుంది. పొద్దున్నే తలుపు తీస్తే పుల్లటి వాసన గుప్పుమంటుంది. నాకు ఆ వాసనంటే ప్రాణం.

ఈ పొద్దున తలుపు తీస్తే వాసన లేదు. పిండి ఎక్కడిదక్కడే ఉంది. పాలు పాలలాగే ఉన్నాయి.

"ఏటమ్మా నూకాలూ, నీ బండి సచ్చిపోనాదేటి?" అంది ఎదురింటి గంగరాజమ్మ, గిన్నె నా మొహం దగ్గర పెట్టి.

ముందు ఆవిడ మినప్పప్పుని తిట్టాను. తరవాత బండి స్టార్టు చేసి, ఇంజను బాగా వేడెక్కేదాకా వీధిలో తిప్పి, హీటరు పూర్తిగా తిప్పి అరచెయ్యి పెట్టి చూశాను. గాలి జోరుగానే వస్తోంది. వేడి మాత్రం చల్లారిన టీ మీద చెయ్యి పెట్టినట్టుంది.

ఇడ్లీ లేకపోతే ఉప్మా తింటాం. నా భయం శనివారం గురించి. శనివారం నర్సీపట్నంలో అరవై కోడిపిల్లలు పుడుతున్నాయి, అవి మనవి. తెర మరీ చిక్కనైన ఏడాది మెట్ట మీద కోళ్ళన్నీ పోయాయి. అప్పట్నుంచి గుడ్డంటే పొట్లంలో వచ్చే పొడి. ఘాటీ కింద గుడ్లు పొదిగించేవాళ్ళు ఏడాదికి ఒక్క ఊరికి ఇస్తారు, ఇన్నాళ్ళకి మన వంతు వచ్చింది. పుట్టిన పిల్లని పాత రోజుల మే నెల ఎండంత వేడిలో ఉంచాలి. చల్లగాలి తగిలితే అంతే సంగతులు. తమంతట తామే నడిచే తెలివి బండ్లు గడ్డకట్టే చలిలో ఘాటీ ఎక్కవు. "మీ క్షేమం కోరి ప్రయాణం వాయిదా వేశాం" అని ముద్దుగా చెప్పి కిందే పడుకుంటాయి. ఎక్కేది బుల్లెమ్మ ఒక్కటే.

ఆ పిల్లల్ని పెంచే బాధ్యత మా అత్త అప్పలనరసమ్మకి ఇచ్చారు. మెట్ట మీద కోళ్ళు పెంచడం తెలిసిన మనిషి ఇంక ఆవిడే మిగిలింది. ఊరి వేడినీళ్ళ బాయిలర్ల గోడకి ఆనించి గూడు కట్టించుకుంది. నెల రోజులుగా ఆ ఖాళీ గూడులో పీట వేసుకుని కూర్చుంటోంది. హీటరు సంగతి ఆవిడకి చెప్పలేదు. ఎలా చెప్పను?

మంగళవారం, ఎండ ఉందంటే ఉంది

మా ఆయన కరెంటు పని మీద సీలేరు వెళ్ళాడు. కాబట్టి మరిది సూరిబాబుని పట్టుకొచ్చాను. ఊరికి వేడినీళ్ళు పంపే బాయిలర్ల దగ్గర పని చేస్తాడు. గొట్టాలంటే భయం లేదు. బండ్లంటే మాత్రం నాకు తెలిసినంతే తెలుసు, అంటే పెద్దగా తెలీదు.

ముందు బండ్ల సలహా లైనుకి ఫోన్ చేశాం. తియ్యటి గొంతు. "మీ బండి తన ఆరోగ్యం గురించి ఏమంటోంది?" అని అడిగింది. ఏమీ అనట్లేదన్నాను. "అయితే ఆరోగ్యంగానే ఉంది" అని పెట్టేసింది.

"వదినా, దీన్ని ఒగ్గెయ్. మనమే సూద్దాం" అన్నాడు సూరిబాబు.

ఇద్దరం కూర్చుని లెక్క కట్టుకున్నాం. ఇంజను వేడెక్కుతుంది. ఆ వేడిని నీళ్ళు మోసుకుని ఒక గొట్టంలోంచి డాష్‌బోర్డు వెనకున్న చిన్న జాలీలోకి వస్తాయి, ఇంకో గొట్టంలోంచి తిరిగి వెళ్ళిపోతాయి. ఫ్యాను ఆ జాలీ మీద గాలి ఊదుతుంది. హీటరంటే ఇంతే. మరి వేడి ఎక్కడ ఆగిపోతోంది? ఇంజను దగ్గరా, దార్లోనా, జాలీలోనా?

మొదటి అనుమానం థర్మోస్టాట్ మీద పడింది. నీళ్ళు వేడెక్కేదాకా దారి మూసి ఉంచి, తరవాత తెరిచే చిన్న తలుపది. అది తెరుచుకుని ఉండిపోతే నీళ్ళు ఎప్పటికీ వేడెక్కవు. విప్పి దారానికి కట్టి, మా అత్త చారు గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి వేలాడదీశాం. ఇద్దరం తలలు ఆనించి గిన్నెలోకి చూస్తున్నాం. నీళ్ళు మరగడానికి వచ్చేసరికి అది మెల్లగా నోరు తెరిచింది. బయటికి తీస్తే మూసుకుంది. మళ్ళీ పెడితే మళ్ళీ తెరిచింది. సూరిబాబు ఎగిరి గంతేశాడు. బాగున్న వస్తువుని చూసి గంతులేంట్రా అన్నాను. నిజం చెప్పాలంటే నాకూ గంతెయ్యాలనే ఉంది. మొదటిసారి బుల్లెమ్మ మాతో మాట్లాడినట్టనిపించింది.

మా అత్త వచ్చి చారు గిన్నె చూసి, గిన్నెలో ఇనుప ముక్క చూసి, మా ఇద్దర్నీ చూసింది. ఇంక చెప్పక తప్పలేదు. ఆవిడ శనివారానికి ఎన్నాళ్ళుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ గూటికేసి వెళ్ళింది. తిట్టినా బాగుండేది.

బుధవారం, గాలి

ఇంజను వేడిగానే ఉంది, వేడి చూపే ముల్లు మధ్యలోనే నిలుస్తోంది. కాబట్టి తప్పు దార్లో ఉండాలి. సూరిబాబుకి రెండో అనుమానం: నీళ్ళలో గాలి చేరింది. బాయిలరు గొట్టాల్లో అప్పుడప్పుడు గాలి ఇరుక్కుని వేడి ఆగిపోతుందట. బండి ముక్కు పైకి ఉండేలా బడి ముందున్న ఎత్తు మీద నిలబెట్టి, చల్లగా ఉండగానే రేడియేటరు మూత తీసి ఇంజను వేశాం. బుడగలు. ఒకటి, ఇంకోటి, తరవాత గుటగుటమని వరసగా. ఆ బుడగలు చూడటానికి సగం ఊరు పోగయింది. ఒక్కో బుడగకీ ఒక్కో కేక.

లోపలికెక్కి చెయ్యి పెడితే వేడి తగిలింది. నిజమైన వేడి. గంగరాజమ్మని సీట్లో కూర్చోబెట్టి మొహం మీద గాలి కొట్టించాను, నీ పిండి రేపు పొంగకపోతే నా పేరు మార్చుకుంటానన్నాను.

ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, తొందర కూడా అంతే. సాయంత్రం ఘాటీ మొదటి మలుపుదాకా వెళ్ళొచ్చేసరికి మళ్ళీ చల్లారిన టీయే. గంగరాజమ్మ ఎదురుపడకుండా పెరటి దారిన ఇంట్లోకి వచ్చాను.

గురువారం, గడ్డకట్టిన చలి

దొరికింది. వరసగా రాస్తాను.

పొద్దున్నే ఇంజను వేడెక్కించి, బానెట్టు ఎత్తి, హీటరుకి వెళ్ళే రెండు గొట్టాలనీ చెరో చేత్తో పట్టుకున్నాను. ఇంత తేలికైన పని మొదటి రోజే ఎందుకు చెయ్యలేదో దేవుడికే తెలియాలి. లోపలికి వెళ్ళే గొట్టం చుర్రుమంది. బయటికి వచ్చేది చల్లగా ఉంది. నీళ్ళు లోపలికి వెళ్తున్నాయి గానీ జాలీ దాటి రావట్లేదు. జాలీ పూడిపోయింది. "దొరికిందిరా సూరీ" అని నేను అరిచిన అరుపుకి బాయిలర్ల దగ్గర్నుంచి చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

రెండు గొట్టాలూ ఊడదీశాడు. నీళ్ళు మామూలుగా వచ్చే దారిన కాకుండా వెనక దారిన, బాయిలరు పైపుతో నెమ్మదిగా వేడినీళ్ళు పంపించాడు. ముందు గోధుమరంగు మడ్డి వచ్చింది. తరవాత ఉండలుండలుగా పచ్చటి ముద్ద. పులిహోర కలిపిన బేసిను కడిగినట్టు అంత పసుపు.

"ఇదేటి వదినా, తుప్పు పచ్చగుంటాదేటి?" అన్నాడు.

వాసన చూశాను. తుప్పు కాదు.

వెనక నుంచి మా అత్త గొంతు: "అది నా పసుపే."

మెట్ట మీద ఒక పద్ధతుంది. బండి ఘాటీ దిగే పొద్దున బండి నడిపేవాళ్ళ ఇంటి పెద్ద ఆడమనిషి పసుపు నీళ్ళు కలిపి తెచ్చి బండికి ఇస్తుంది. మనిషికి పెరుగూ పంచదారా పెట్టి పంపినట్టే. మా అత్త చెంబు పట్టుకుని బానెట్టు దగ్గర నిలబడటం రోజూ చూస్తూనే ఉన్నాను, పైన చల్లుతోందనుకున్నాను. రేడియేటరు మూత తీసి దాని నోట్లో పోస్తోందని నాకేం తెలుసు? ఈ బండికి నీళ్ళతోపాటు, గడ్డకట్టకుండా, డీజిల్ కోసం కానుగ నూనె కాచగా మిగిలిన తియ్యటి జిగురు కూడా పోస్తాం. ఆ జిగురులో ఇన్నేళ్ళ పసుపు కలిసి లేహ్యం అయ్యింది.

నాకు నోటిదురుసు. ఊరందరికీ తెలుసు. "దాని గొంతులో కూరొండావా అత్తా? రేపు పిల్లలు చస్తే ఆ పసుపే రాసి పూడ్చుదువు గాని" అనేశాను. ఆవిడ చేతిలో కొంగు నలుపుకుంటూ నిలబడి, ఏదో చెప్పబోయి, మానేసి లోపలికి వెళ్ళిపోయింది. సూరిబాబు నావంక చూడలేదు. అన్న మాట వెనక్కి రాదు. నాకు సిగ్గేసింది, ఇక్కడ రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది. ఆ పిల్లల మీద నాకంటే ఆవిడకే ఎక్కువ ఆశ.

కాసేపటికి ఆవిడే పెద్ద గిన్నెడు చింతపండు రసం, పలచటి గుడ్డలో వడకట్టి తెచ్చింది. "రాగి జాలీ గదా. రాగి సెంబుకి పట్టిన కిలుం దేనికి ఒగ్గుతాది? పట్టించు" అంది సూరిబాబుతో. జాలీలో చింతపండు రసం నింపి భోజనాల దాకా ఉంచి, మళ్ళీ వేడినీళ్ళు వదిలాం. పచ్చవి, తరవాత నల్లవి, తరవాత తేట నీళ్ళు.

అన్నీ బిగించి ఇంజను వేశాక వచ్చిన వేడి ఎలా రాయను? స్వెట్టరు విప్పాను. మఫ్లరు విప్పాను. సూరిబాబు చొక్కా విప్పేశాడు. గడ్డకట్టిన వీధి మధ్య, అద్దాలు మూసుకుని, ఇద్దరం చెమటలు కక్కుతూ పిచ్చివాళ్ళలా నవ్వాం.

శుక్రవారం

పిండి పొంగి గిన్నెలు దాటి సీట్ల మీద పడింది. గంగరాజమ్మ తిట్టుకుంటూ తుడిచింది. ఇంత సుఖమైన తిట్లు నేనెప్పుడూ వినలేదు.

మా అత్తని క్షమించమని అడిగాను. "పద, రేపు నేనూ వస్తాను. పిల్లల్ని పట్టుకోడం నీకు రాదు" అంది.

ఆదివారం పొద్దున్న, నిన్నటి సంగతి

దిగడం సాఫీగా దిగాం. నర్సీపట్నంలో పొదిగించే చోట పోలిరాజు గారు నాలుగు అట్టపెట్టెలు ఇచ్చారు. పెట్టె మూత కొంచెం ఎత్తి చూశాను. పచ్చటి బొచ్చు, నల్ల కళ్ళు, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ అరుస్తున్నాయి. మా అత్త ఒకదాన్ని చేతిలోకి తీసుకుని దాని కాళ్ళు చూసింది, ముక్కు చూసింది. మొహం పక్కకి తిప్పుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఏడవడం మా మావ పోయినప్పుడే చూశాను, మళ్ళీ నిన్న చూశాను.

రెండు పెట్టెలు వెనక సీట్లో, రెండు మా అత్త ఒళ్ళో. బండి లోపల మే నెల. నేను జాకెట్టు తడిసిపోయి, నెత్తిన తుండుగుడ్డ చుట్టుకుని నడుపుతున్నాను. ఘాటీ కింద తెలివి బండ్లు వరసగా పడుకుని ఉన్నాయి. వాటి పక్కనుంచి హారను కొట్టుకుంటూ ఎక్కాను, పొగరే మరి.

సగం ఘాటీ ఎక్కేసరికి ముందు అద్దం మసకబారింది. లోపలి నుంచి. తుడిచాను, మళ్ళీ మసక. తియ్యటి వాసన.

"నూకాలూ, నా కాళ్ళ మీద ఏదో ఎచ్చగా పడతాంది" అంది మా అత్త.

చూడక్కర్లేకుండానే అర్థమైంది. జాలీ కారుతోంది. ఎప్పుడో పడిన చిల్లి, మడ్డి అడ్డుండబట్టి ఇన్నాళ్ళూ కారలేదు. మేం శుభ్రంగా కడిగి దానికి దారి ఇచ్చాం. జాలీకి నీళ్ళు కట్టేస్తే పిల్లలు చస్తాయి. కట్టకపోతే నీళ్ళన్నీ కారి ఇంజను చస్తుంది, తరవాత పిల్లలు ఎలాగూ చస్తాయి. మలుపు దగ్గర బండి ఆపాను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అక్కడ నిలబడ్డాను.

మా అత్త బొడ్లోంచి చిన్న పొట్లం తీసింది. విప్పకముందే తెలిసిపోయింది.

"వద్దత్తా. నాలుగు రోజులు కష్టపడి తీసింది ఇదే కదా."

"మీ మావ లారీ తోలినన్నాళ్ళూ కారితే ఇదే పోసీవోడు. ఉబ్బి సిల్లుకి అడ్డం పడతాది. ఈ పద్దతి ఊరికే వచ్చిందనుకున్నావేటి? కారకముందే పొయ్యడం మొదలెట్టారు, తరవాత ఎందుకో మర్సిపోనారు, పూజయిపోనాది."

"మొన్న చెప్పొచ్చుగా ఈ మాట."

"సెప్పనిచ్చావా నువ్వు?"

ఇంజను ఆపాను. ఆపగానే చలి తలుపు సందుల్లోంచి దూరింది. మా అత్త నాలుగు పెట్టెలూ దగ్గరికి లాక్కుని, మీద బొంత వేసి, ఆ బొంత మీద తను చేతులు చాపుకుని బోర్లా పడుకుంది. నేను దిగి బానెట్టు ఎత్తి, తడిగుడ్డ వేసి మూత కొద్దికొద్దిగా వదిలాను. తొందరపడితే మొహం కాలుతుంది, ఆలస్యమైతే లోపల అరుపులు తగ్గుతాయి. ఆవిరి బుసకొడుతోంది. నా చెవులు మాత్రం బండిలోనే ఉన్నాయి.

"ఎంత పొయ్యను?" అని అరిచాను.

"గుప్పెడు."

"గుప్పెడు పోస్తే మళ్ళీ పూడుతుంది. చిటికెడు."

"సిటికెడు సిల్లుని నవ్విస్తాది. సెంచాడు పోసి రా."

చెంచా ఎక్కడిది? సీసా మూతతో కొలిచి, తాగే నీళ్ళలో కలిపి పోశాను. మూత బిగించి స్టార్టు చేశాను. అద్దం ముందరిలాగే మసకబారుతోంది. ఒక మలుపు ఎక్కాం. "ఇంకా కారతాంది" అంది. ఇంకో మలుపు. "కారతాంది." చేత్తో అద్దం తుడుచుకుంటూ, చేతికి అందినంత మేర రోడ్డు చూసుకుంటూ ఎక్కాను. లంబసింగి దాటేటప్పుడు మా అత్త చాలాసేపు ఏమీ చెప్పలేదు. భయపడి పక్కకి చూశాను. కాళ్ళు ముందుకి చాపి, పాదాలు తడుముకుంటోంది.

"ఆగింది" అంది.

హీటరు గాలికి చెయ్యి పెట్టి చూశాను. వేడి వస్తూనే ఉంది, మే నెల వేడి. నాకు అరవాలనిపించింది, పాడాలనిపించింది, ఆవిడ్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. స్టీరింగు వదల్లేక "నువ్వు గొప్పదానివత్తా" అని మాత్రం అన్నాను. "రోడ్డు సూడు" అంది.

మెట్ట మీదికి వచ్చేసరికి ఊరు ఊరంతా బాయిలర్ల దారికి అడ్డంగా నిలబడి ఉంది. గూటిదాకా కూడా వెళ్ళనివ్వలేదు. అద్దాలకి మొహాలు ఆనించి చూస్తున్నారు, చేతులతో గీకుతున్నారు. లోపలి ఆవిరికి వాళ్ళకేమీ కనబడట్లేదు. సూరిబాబు తలుపు మీద చెయ్యి వేస్తే మా అత్త లోపల్నుంచి తాళం నొక్కేసింది.

"తలుపు తీస్తే కాలిరగ్గొడతాను. గూడు వేడెక్కించి, దారి ఒగ్గమను" అని నాతో చెప్పింది, వాళ్ళకి చెప్పమని.

అద్దం లోపలి నుంచి కొంగుతో ఒక చారెడు మేర తుడిచి, ఒక పిల్లని అరచేతిలో పెట్టి అక్కడ చూపించింది. అవతల గంగరాజమ్మ మొహం. నోరు తెరిచి ఏదో అడుగుతోంది. అరుస్తున్నాయా అని అడుగుతోందని పెదాలు చూసి గ్రహించాను. ఇంజను మోతలో, ఫ్యాను హోరులో వాళ్ళకి ఏమీ వినబడటం లేదు. గంగరాజమ్మ కూతురికి ఇరవై ఏళ్ళొస్తున్నాయి, కోడిపిల్ల అరుపు గుర్తు లేదు.

ఏ గాలి కోసం వారమంతా చచ్చానో ఆ ఫ్యాను కట్టేశాను. ఇంజను కూడా ఆపాను.

అరవై గొంతులు ఒకేసారి వినబడ్డాయి. బయట అరుస్తున్నవాళ్ళంతా ఆగిపోయారు. గంగరాజమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుని దాని చెవిని అద్దానికి ఆనించింది. వెనకున్న మగవాళ్ళు టోపీలు తీసి చెవులు బయట పెట్టుకున్నారు, అంత చలిలో. నాకు కళ్ళు మసకబారాయి, ఈసారి అద్దం తప్పు కాదు.

మా అత్త కాసేపు ఓర్చుకుంది. తరవాత నా భుజం మీద ఒక్కటి వేసింది.

"సాలమ్మా, ఇన్నారులే. ఇంక ఇంజను ఎయ్యి, పిల్ల గుంటలకి సలేస్తాది."

వేశాను.